పైనక్క దిగిన రోజు

పోయిన వారం మనం నర్సమ్మను ప్రథమ చికిత్స గది గుమ్మంలో నిలబెట్టి వచ్చాం. ఆమె ఎదురుగా సైగల బాబాయి ఉన్నాడు. ఆయన చేతిలో పైనక్క భోజనం సంచి ఉంది. ఆ సంచి అడుగున ఏముందో ఇద్దరూ అప్పుడే చూశారు.

ఇప్పుడే ఈ కథలో అడుగు పెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఇరవై రెండు అంతస్తుల భవనం లేస్తున్న ఆ స్థలంలో ఒక పెద్ద క్రేన్ ఉంది. దాని స్తంభం కొసన గాజు గదిలో కూర్చుని బరువులెత్తే మనిషి పైనక్క. వయసు ముప్ఫై ఆరు. పొద్దున ఏడింటికి ఎక్కితే సాయంత్రం దాకా కిందికి రాదు కాబట్టి కూలీలు ఆమెకు ఆ పేరు పెట్టారు. కింద నిలబడి, రేడియోలో ఆమెకు కళ్ళుగా ఉండే పెద్దాయన సైగల బాబాయి. ఆమెకు ఆ పని నేర్పిందీ ఆయనే. ఇక నర్సమ్మ యాభై దాటిన మనిషి. అక్కడి గాయాలకూ జ్వరాలకూ ఆవిడే దిక్కు.

ఆ రోజు పొద్దున, ఎక్కబోయే ముందు, పైనక్క క్రేన్ దిమ్మె వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. బాబాయి చూశాడు. “కాఫీ పడలేదు బాబాయ్” అంటూ మూతి తుడుచుకుని ఆమె నిచ్చెనెక్కేసింది. పది దాటాక రేడియోలో, “నా సంచిలో తెల్ల మందు సీసా ఉంటుంది, కాస్త తాడుకి కట్టి పంపించు” అంది. సీసా కోసం సంచి తెరిస్తే దాని అడుగున మూడు రంగుల మాత్రల అట్టలు కనిపించాయి. మూడూ దాదాపు ఖాళీ.

“ఆ వాంతి ఎలా ఉంది బాబాయ్?” అని నర్సమ్మ అడిగింది.

“కాఫీ పొడి నీళ్ళలో కలిపి పారబోసినట్టుందమ్మా. నల్లగా, పలుకులు పలుకులుగా.”

“పొద్దున్నే కాఫీ తాగిందా?”

“అక్కడే నాకు తేడా కొడుతోంది. ఎక్కే ముందు ఆ పిల్ల చుక్క నీళ్ళు కూడా ముట్టదు. పైన బాత్రూం లేదు కదా. దిగి మళ్ళీ ఎక్కాలంటే ముప్పావుగంట పోతుంది. మెతుకు లేకుండా ఎక్కేసి, మధ్యాహ్నం ఈ సంచి తాడుకి కట్టి పంపితే పైనే రెండు ముద్దలు తింటుంది.”

నర్సమ్మ అట్టల్ని బల్ల మీద పరిచింది. ఒకటి ఎర్రది, ఒకటి నీలం, ఒకటి పసుపు. వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని చిన్న అక్షరాలు చదివింది. మళ్ళీ చదివింది. ఆవిడ ముఖంలో రంగు మారింది.

“అది కాఫీ కాదు బాబాయ్. నెత్తురు. కడుపులో కారి అక్కడే నిలవుంటే అలా నల్లబడుతుంది. ఆ పిల్లను దింపాలి. ఇప్పుడే దింపాలి.”

బాబాయి గుమ్మంలోంచి పైకి చూశాడు. క్రేన్ చెయ్యి నెమ్మదిగా తిరుగుతోంది. దాని కొక్కేనికి మూడు టన్నుల కాంక్రీటు మెట్ల వరస వేలాడుతోంది. ఇరవయ్యో అంతస్తులో నలుగురు మనుషులు దాని కోసం చేతులు చాచి ఉన్నారు.

“బరువు గాల్లో ఉందమ్మా. ఇప్పుడు ఏం మాట్లాడినా ఆమె చెయ్యి వణికితే కష్టం. వెనక్కి తిప్పి ఖాళీ జాగాలో దించాలంటే పావుగంట. ఉన్నచోట పెట్టాలంటే ఐదు నిమిషాలు. పెట్టనిస్తాను. కింద ఒక్క మనిషి లేకుండా అప్పుడే తోలేశాను.”

“పెట్టాక?”

“పెట్టాక దిగమంటాను.”

“ఒక్కతే ఎలా దిగుతుంది? సగం దారిలో కళ్ళు బైర్లు కమ్మితే?”

నర్సమ్మ అట్టలు జేబులో వేసుకుంది, రెండో రేడియో తీసుకుంది, గోడకున్న నడుం బెల్టు దించింది.

“ఆసుపత్రి బండికి ఫోన్ చెయ్యి. ఈ బెల్టు ఎలా కట్టుకోవాలో చెప్పు.”

“మీరా? మీరెప్పుడైనా ఎక్కారా?”

“లేదు. కట్టు.”

ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలెక్కలేక పక్కింటావిడను కేకేసే మనిషి నర్సమ్మ. ఈ సంగతి ఆ స్థలంలో అందరికీ తెలుసు. ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది. బాబాయి బెల్టు బిగించి, రెండుసార్లు లాగి చూశాడు.

క్రేన్ స్తంభం లోపల నిచ్చెన ఒకే పొడుగున ఉండదు. ఆరు మీటర్లకొక ఇనుప అరుగు వస్తుంది. అక్కడ ఊపిరి తీసుకుని, ఇంకో నిచ్చెన పట్టుకోవాలి. అలాంటివి పదకొండు. మొదటి రెండూ నర్సమ్మ కళ్ళు మూసుకుని ఎక్కింది. మూడోదానికి స్తంభం అటూ ఇటూ ఊగుతున్నట్టు తెలిసింది. పైన బరువు కదిలినప్పుడల్లా ఆ ఊపు ఆవిడ అరచేతుల్లోకి వచ్చేది. చెమటకు కమ్మీలు జారుతున్నాయి. ఒక్కో మెట్టూ పైకి చూస్తూ, కింద ఏముందో అనుకోకుండా, పంటి బిగువున ఎక్కింది.

నడుముకున్న రేడియోలో, ఇరవయ్యో అంతస్తు వాళ్ళు చెప్పే కొలతల్ని ఆమెకు అందిస్తూ, బాబాయి గొంతు వినిపిస్తోంది. రోజూ ఉన్నట్టే ఉంది, తొణకడం లేదు.

“కాస్త ఎడమకి తల్లీ... ఇంకాస్త... ఆగు. దించు. నెమ్మది. మూరెడు... జానెడు...”

“జానెడు” అని పైనుంచి పైనక్క గొంతు.

“బెత్తెడు. గాలి తగ్గనీ. ఆ... ఇప్పుడు. అంగుళం.”

“అంగుళం.”

“కూర్చుంది. పట్టేశారు. కొక్కెం వదులు.”

నాలుగో అరుగు మీద నిలబడి నర్సమ్మ ఆ మాటలు విన్నది. అయిదేళ్ళుగా ఆ ఇద్దరి గొంతులూ ఆవిడ చెవిన పడుతూనే ఉన్నాయి. కానీ లోపల నెత్తురు కారుతున్న మనిషి, మూడు టన్నుల రాయిని నలుగురి వేళ్ళ మధ్య అంగుళం తేడా లేకుండా కూర్చోబెట్టడం ఎంతటి పనో ఆ రోజే అర్థమైంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలంటే ఒక చెయ్యి వదలాలి, కాబట్టి తుడుచుకోలేదు.

“తరవాతది కట్టండి బాబాయ్” అంది రేడియోలో పైనక్క.

“కాసేపు ఆగు తల్లీ. టీ తాగి వస్తాం.”

“ఇప్పుడా? పదకొండు కూడా కాలేదు.”

“వయసైపోయింది. తాగనీ.”

ఆ కాసేపు చాలాసేపే అయింది. గాజు గది తలుపు దగ్గర చప్పుడై పైనక్క వెనక్కి తిరిగేసరికి, చెమటతో తడిసి, జుట్టంతా మొహానికి అంటుకుపోయి, నర్సమ్మ నాలుగు కాళ్ళ మీద పాకుతూ లోపలికి వచ్చింది.

“నర్సమ్మా, మీరెలా వచ్చారు?”

“నిచ్చెన మీద” అంది నర్సమ్మ రొప్పుతూ. “చెయ్యి ఇలా ఇవ్వు.”

ఆ గది ఒక మనిషికే కట్టింది. ఒక కుర్చీ, దానికి రెండు పక్కలా రెండు పిడులు, మూలన చిన్న ఫ్యాను. కాళ్ళ కింద కూడా గాజే. నర్సమ్మ కిందికి చూడకుండా కుర్చీ పక్కన ఒదిగి కూర్చుని, పైనక్క మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. తరవాత బొటనవేలితో ఆమె కింది రెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోటు కాగితంలా తెల్లగా ఉంది.

“నాడి నూట ఇరవై. పరిగెత్తిన మనిషికి కాదు, కూర్చున్న మనిషికి.”

“ఎండ నర్సమ్మా. గాజు గది కదా, ఉడికిపోతుంది. ఇంకో రెండు బరువులున్నాయి, అవి పెట్టేసి దిగుతాను.”

నర్సమ్మ జేబులోంచి అట్టలు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. పైనక్క వాటిని చూసి, చూపు తిప్పుకుంది.

“ఈ ఎర్రది దేనికి?”

“నడుం నొప్పికి.”

“నీలంది?”

“తలనొప్పికి. ఈమధ్య తల తేలిపోతోంది.”

“ఈ పసుప్పచ్చది?”

“ఒళ్ళు నొప్పులుగా, జలుబు చేసినట్టుంటే వేసుకుంటా. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారు. చీటీ కూడా అక్కర్లేదన్నారు.”

“ఎర్రదీ నీలందీ తిప్పి చదువు. కింద చిన్న అక్షరాల్లో ఏముంది?”

పైనక్క చదివింది. రెండిట్లోనూ ఒకే పేరు.

“పైన పేర్లు వేరు, లోపల మందు ఒకటే” అంది నర్సమ్మ. “పసుప్పచ్చది దాని తోబుట్టువు. మూడు బాధలకి మూడు మందులనుకున్నావు. ఒకే మందు మూడింతలు మింగావు. రోజుకెన్ని?”

“మొదట్లో ఒక్కటే.”

“ఇప్పుడు?”

“ఎక్కే ముందు రెండు. మధ్యాహ్నం రెండు. బరువులు ఎక్కువున్న రోజు ఇంకో రెండు.”

“ఎక్కే ముందు తినేది ఏమీ లేదు. ఉత్త కడుపులో రెండు.”

పైనక్క తల వంచుకుంది.

“మందు నొప్పిని తగ్గించే మాట నిజమే. కానీ కడుపు లోపల ఒక జిగురు పొర ఉంటుంది. అన్నం అరిగించే ఆమ్లం మనల్నే కాల్చకుండా కాసేది అదే. ఆ పొరను నిలబెట్టే పనిని కూడా ఈ మందు ఆపేస్తుంది. రెండు రోజులు వేసుకుంటే కడుపు తట్టుకుంటుంది. నెలల తరబడి వేస్తే పుండు పడుతుంది. నీకు మంట రాలేదా?”

“వచ్చింది. నిప్పులు పోసినట్టుండేది. తెల్ల మందు తాగితే సర్దుకునేది.”

“సర్దుకోలేదమ్మా. అరిచే నోట్లో గుడ్డ కుక్కావు, అంతే. ఆ నొప్పిని కూడా ఈ మాత్రలే నొక్కేశాయి.” నర్సమ్మ గొంతు తగ్గించింది, వినేవాళ్ళెవరూ లేకపోయినా. “బాత్రూంకి వెళ్ళినప్పుడు ఏ రంగులో ఉంటోంది?”

పైనక్క ముఖం ముడుచుకుంది. “నల్లగా. తారులాగా అంటుకుంటోంది. అది ఐరన్ మాత్రల వల్ల కదా. అవి వేసుకుంటే అలా అవుతుందని మీరే చెప్పారు.”

“చెప్పాను. ఆ మాత్రలు ఎప్పుడు ఆపేశావు?”

పైనక్క వేళ్ళు మడిచింది. ఒక వేలు, రెండో వేలు. అక్కడ ఆగిపోయింది.

“రెండు నెలలైంది” అంది చివరికి. “రెండు నెలల నుంచి అది నెత్తురా?”

“ఎన్నాళ్ళ నుంచో నాకు తెలీదు. ఇవాళ పొద్దున వాంతిలో వచ్చింది మాత్రం నెత్తురే.”

పైనక్క గాజు లోంచి బయటికి చూసింది. అక్కణ్ణుంచి చూస్తే ఇళ్ళ కప్పులూ, రైలు పట్టాలూ, ఆరేసిన బట్టలూ అన్నీ అరచేతిలో పెట్టుకోవచ్చు అన్నంత చిన్నగా ఉంటాయి. మెల్లగా మాట్లాడ్డం మొదలుపెట్టింది.

“నాలుగు నెలల కిందట వాన వెలిసిన మర్నాడు, దిగుతుంటే జారాను నర్సమ్మా. బెల్టు పట్టింది కాబట్టి పడలేదు. నడుము మాత్రం ఇనుప చట్రానికి కొట్టుకుంది. ఆ రోజు నుంచీ ఈ కుర్చీలో గంట కూర్చుంటే పక్కలో కత్తి దించినట్టుంటోంది.”

“నా దగ్గరికి ఎందుకు రాలేదు?”

“మీరు పుస్తకంలో రాస్తారు.”

“రాస్తాను.”

“రాస్తే ఇంజనీరు చదువుతాడు. మగవాడు జారితే నిచ్చెన తడిగా ఉందంటారు. నేను జారితే ఆడమనిషి కదా అంటారు. ఈ కుర్చీలో కూర్చోడానికి ఆరేళ్ళు పట్టింది నాకు. మొదటి వారం నేను ఎక్కుతుంటే కింద నిలబడి పందేలు కాశారు, ఎన్నో అరుగు దగ్గర ఏడుస్తానా అని. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఒక్కరోజు ఆలస్యం రాలేదు. నడుం నొప్పని ఒక్కసారి నోరు తెరిస్తే ఆ ఆరేళ్ళూ గాలికి పోతాయి. అందుకే వేసుకున్నా. పని ఆగకూడదని వేసుకున్నా.”

నర్సమ్మకు కోప్పడాలని లేదు. కోప్పడే హక్కు ఉందని కూడా అనిపించలేదు.

“నా పుస్తకంలో ఒక పేజీ ఉంది, తెలుసా?” అంది. “క్రేన్ కింద దెబ్బ తిన్నవాళ్ళ పేర్లు రాయాల్సిన పేజీ. ఇంతకు ముందు నేను పనిచేసిన చోట ఆ పేజీలు నిండి, వెనక కాగితాలు అతికించాను. ఇక్కడ అయిదేళ్ళయింది. ఆ పేజీ ఖాళీగా ఉంది. ఒక్కరికి గోరు కూడా చిట్లలేదు. ఆ పేజీని అలా ఉంచింది నువ్వు. ఆడమనిషివో మగమనిషివో అందులో రాసి లేదు.”

పైనక్క కళ్ళెత్తి చూసింది.

“ఇంకో బరువెత్తి, మధ్యలో నువ్వు ఒరిగిపోతే, ఆ పేజీలో మొదటి పేరు ఎవరిదవుతుంది? నీది కాదు. కింద చెయ్యి చాచి నిలబడ్డవాడిది.”

ఆ మాట పనిచేసింది. తన ప్రాణం సంగతి ఎంత చెప్పినా కదలని మనిషి, దానికి కదిలింది. పిడి మీద చెయ్యి వేసి, ఖాళీ కొక్కేన్ని పైదాకా లాగింది. గాలి ఎటు వీస్తే క్రేన్ చెయ్యి అటే తిరిగేలా బ్రేకు వదిలింది. రోజూ సాయంత్రం చేసే పనులే. ఒక్కటీ మర్చిపోలేదు. వేళ్ళు మంచులా చల్లబడి ఉన్నా వరస తప్పలేదు.

తరవాత రేడియో తీసుకుంది. బాబాయికీ, నర్సమ్మ గది రేడియోకీ మాత్రమే వినిపించే మీట ఒకటుంది. అది వదిలేసి, స్థలమంతా వినిపించే మీట నొక్కింది.

“నేను పైనక్కను మాట్లాడుతున్నా. అందరూ వినండి. క్రేన్ ఆపేశాను. బరువు లేదు, బ్రేకు వదిలాను, ఎవరికీ ప్రమాదం లేదు. నాకు ఒంట్లో బాగాలేదు. నాలుగు నెలల కిందట నిచ్చెన మీద జారి నడుముకి దెబ్బ తగిలించుకున్నా, ఎవరికీ చెప్పలేదు. నొప్పి మాత్రలు మింగుతూ పని చేశాను. వాటివల్ల కడుపులో పుండు పడి నెత్తురు కారుతోంది. తప్పు నాదే. నేను ఒంటరిగా దిగలేను. తాళ్ళు తీసుకుని నలుగురు రండి.”

కింద డ్రిల్లింగ్ మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఇరవయ్యో అంతస్తు వాళ్ళు గోడ అంచుకొచ్చి పైకి చూశారు. రేడియోలో ముందుగా పలికింది బాబాయే.

“వస్తున్నాం తల్లీ. కదలకు.”

ఆ నిమిషంలో పైనక్క మొహం చూస్తే, నాలుగు నెలలుగా మోస్తున్న బరువేదో ఇప్పుడే దించినట్టుంది.

కడ్డీలు కట్టే పనివాళ్ళు నలుగురు ఎక్కారు. పైనక్కను నడుం నుంచి తొడల దాకా పట్టీలతో బిగించి, అరుగు మీంచి అరుగు మీదికి తాడుతో దించారు. నర్సమ్మ ఆమె కంటే ఒక మెట్టు కింద ఉండి, ఆమె పాదాన్ని ఒక్కో కమ్మీ మీదికి తన చేత్తో చేర్చింది. ఏడో అరుగు దగ్గర పైనక్క కళ్ళు తేలేసింది. “నీ కూతురి బళ్ళో లెక్కల టీచరు సంగతేదో చెబుతానన్నావు, చెప్పు” అని నర్సమ్మ చెంప తట్టింది. “చెప్పను” అంది పైనక్క, కళ్ళు మూసుకునే. తాడు పట్టుకున్న ఒకడు ఫక్కున నవ్వి, వెంటనే ఏడ్చేశాడు. చివరి నిచ్చెన దిగి నేల మీద కాలు పెట్టాక గానీ నర్సమ్మకు గుర్తు రాలేదు, దిగేటప్పుడు తనకు భయం వేయలేదని.

ఆసుపత్రిలో నోట్లోంచి కెమెరా గొట్టం లోపలికి పంపి చూశారు. రెండు పుళ్ళున్నాయి. ఒకదాని మధ్యలో చిన్న నాళం తెగి కారుతోంది. దానికి లోపలే చిన్న పట్టకారులాంటిది బిగించి ఆపారు. రెండు సంచుల రక్తం ఎక్కించారు. డాక్టరు పడుచు మనిషి, ఎక్కువ మాట్లాడదు. బయటికొచ్చి, “ప్రాణం నిలబడింది. పుండు మానడానికి మందులు, కొన్ని వారాలు పడుతుంది. ఈ జాతి నొప్పి మాత్రలు ఇక ముట్టకూడదు. నడుముకి వేరే దారి చూద్దాం” అంది. ఒక్క క్షణం ఆగి, “ఇంత రక్తం పోయాక ఆవిడ పొద్దున ఏం పని చేసిందన్నారు?” అని అడిగింది. బాబాయి చెప్పాడు. డాక్టరు కేసు కాగితం మీద ఆ మాట కూడా రాసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పైనక్క భర్త స్కూలు బస్సు నడుపుతాడు. పిల్లల్ని దింపేసి, ఖాకీ చొక్కాతోనే పరిగెత్తుకొచ్చాడు. మంచం పక్కన కూర్చుని, భార్య చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

“కడుపు మంటంటే చల్లటి పాలు తాగమన్నాను. అంతకు మించి అడగలేదు” అన్నాడు.

“నేను చెప్పలేదుగా.”

“చెప్పకపోతే అడగొద్దా?”

పైనక్క అతని వేళ్ళు నొక్కింది. “మానాక మళ్ళీ ఎక్కుతాను.”

“ఎక్కు. ఈసారి నొప్పేస్తే నాకు చెప్పి ఎక్కు.”

ఇద్దర్నీ అలా వదిలి, నర్సమ్మ నాలుగున్నరకు స్థలానికి తిరిగొచ్చింది. రాయాల్సింది చాలా ఉంది. గది సందు మలుపు తిరిగేసరికి ఆగిపోయింది. గది ముందు వరస కట్టి మనుషులు నిలబడి ఉన్నారు. పలకలు పరిచే మేస్త్రి, వెల్డరు, రంగులు వేసేవాళ్ళు, ఇరవయ్యో అంతస్తు నలుగురు. ముప్ఫై మందికి తక్కువ ఉండరు. ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక మాత్రల అట్ట ఉంది.

“పైనక్క చెప్పింది కదమ్మా” అన్నాడు ముందున్న మేస్త్రి, ఇంకేం చెప్పాలో తెలీక. “ఆవిడే చెప్పగా లేంది, మేం దాచుకోవడం ఏంటనిపించింది.”

నర్సమ్మ తలుపు తీసింది. ఒక్కొక్కరినే కూర్చోబెట్టి రెండే ప్రశ్నలు అడిగింది. తిన్నాక వేసుకుంటున్నావా, ముందా? వెళ్ళినప్పుడు రంగు ఎలా ఉంది? రెండో ప్రశ్నకు మీసాలు మెలేసిన వాళ్ళు కూడా నేలచూపులు చూశారు. ఒకడు ఈ మాత్రలు తనవి కావని, తన భార్యవని, ఆవిడ తరఫున తనే మింగుతున్నానని చెప్పాడు. ఊడ్చే ముసలావిడ, “ఇవి వేసుకుంటేనే చీపురు చేతిలో నిలబడుతుందమ్మా” అని నెమ్మదిగా అట్టను బల్ల మీద పెట్టింది. ఒకరిద్దరివి వేరే రకం, జ్వరానికి వేసుకునేవి. వాటికి కడుపు గొడవ తక్కువే గానీ మోతాదు మించితే కాలేయం పాడవుతుందని చెప్పి పంపింది. వెల్డరుకు నెల నుంచీ మంట ఉందంటే, మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాసింది.

మిగిలినవాళ్ళందరి చేతుల్లోనూ ఉన్నది ఎర్ర అట్టే. పదోవాడి దగ్గరే నర్సమ్మకు అనుమానం వచ్చింది.

“అందరూ ఒకే షాపులో కొన్నారా?”

“కొనడం ఎందుకమ్మా? ఇక్కడే మన సామాన్ల స్టోరు కిటికీ దగ్గర డబ్బా ఉంటుందిగా. ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. మీరే పెట్టించారనుకున్నాం.”

నర్సమ్మ తన మందుల పుస్తకం తీసి ఏడాది పేజీలు తిరగేసింది. ఆ పేరు ఎక్కడా లేదు. తను అడిగింది కాదు, తను సంతకం పెట్టింది కాదు. మరి ఎవరు?

వరస అయిపోయింది. దీపం వేస్తుంటే గుమ్మంలో నీడ పడింది. ఇంజనీరు. పైనక్క నాలుగు నెలలు ఎవరి కంట పడకూడదని నొప్పి మింగిందో, ఆ మనిషే. చేతిలో హెల్మెట్ ఉంది. లోపలికి రావాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

“ఎలా ఉంది సిస్టర్ ఆవిడకి?”

“బతికింది.”

అతను తలూపాడు. “ఆ డబ్బా పెట్టించింది నేనే” అన్నాడు. “పొద్దున హాజరు తగ్గకూడదని. నొప్పి పేరుతో ఎవరూ సెలవు పెట్టకూడదని. పెట్టమని నాకు చెప్పిన మనిషి ఒకరున్నారు. ఆ పేరు చెబితే మీ పుస్తకంలో రాస్తారా?”

నర్సమ్మ కలం మూత తీసింది. “రాస్తాను. తలుపు వేసి రండి.”

అతను తలుపు వేశాడు. రెండడుగులు వేసి బల్ల అంచు పట్టుకున్నాడు. దీపం వెలుగులో అతని మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. చొక్కా జేబులోంచి సగం బయటికొచ్చిన ఎర్ర అట్టను నర్సమ్మ అప్పుడు చూసింది.

“పేరు చెబుతాను సిస్టర్” అన్నాడు. “కానీ ముందు కాస్త కూర్చోనివ్వండి. పొద్దుటి నుంచి నాకు నేల ఊగుతోంది.”